తడి ఆరని బంతి

లక్ష్మణమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఒళ్ళో చేపల గంప. గంపలో బాస్కెట్‌బాల్ బంతి.

"నీ సేత్తో దీన్ని గంగమ్మకి ఇచ్చినాకే నువ్వు గడప దాటాల," అంది.

భుజాన సంచీ తగిలించుకుని హేమ నడవలోనే నిలబడిపోయింది. గోడ గడియారంలో ఒంటిగంటన్నర అయింది. మూడింటికి టెక్కలి ఆటో. అది తప్పితే విజయనగరం బస్సు తప్పుతుంది, బస్సు తప్పితే రేపు పొద్దున్న తొమ్మిదింటికి సెలక్షన్ తప్పుతుంది. ఈసారి జట్టులో పేరు లేకపోతే స్పోర్ట్స్ హాస్టల్లో మంచం ఖాళీ చెయ్యాలి. ఆ మాట కోచ్ గిరిబాబు పొద్దున్న ఫోన్లో చాలా మెత్తగా చెప్పాడు. ఎప్పుడూ అరిచే మనిషి మెత్తబడేసరికి హేమకి సంగతి అర్థమైపోయింది.

"లేమ్మా. ఆలస్యం అయిపోతంది."

లక్ష్మణమ్మ కదల్లేదు, అరవనూ లేదు. రేవులో చేపల వేలంపాట దగ్గర ఆమె గొంతు లేచిందంటే మగ వ్యాపారులు రెండడుగులు వెనక్కి వేస్తారు. అలాంటి మనిషి ఇవాళ పొద్దున్నించీ గొంతు తగ్గించి మాట్లాడుతోంది. ఇంట్లో ఎవరో నిద్రపోతున్నారన్నట్టు, వాళ్ళు లేస్తే కొంప మునుగుతుందన్నట్టు మాట్లాడుతోంది.

బంతి గొడవ మొదలై ఇది నాలుగో రోజు. హేమకి చెప్పాపెట్టకుండా తల్లి దాన్ని ఎత్తుకెళ్ళి, రొమ్ములోతు నీళ్ళలో నిలబడి వదిలేసింది. మర్నాడు పొద్దున్న అది ఒడ్డున పడి ఉంది. రెండోసారి రేవు రాళ్ళగోడ చివరికంటా నడిచి విసిరింది. మర్నాడు అది బోర్లించిన వాళ్ళ తెప్పకి ఆనుకుని ఉంది. నిన్న మళ్ళీ విసిరింది. ఇవాళ తెల్లారేసరికి గుమ్మంలో ఉంది.

నీళ్ళకీ గుమ్మానికీ మధ్య రెండువందల అడుగుల పొడి ఇసక, రెండు వరసల ఇళ్ళు. ఆ ఇసక మీద బంతి దొర్లిన తడి చార ఒక్కటే ఉంది. దాని పక్కన మనిషి అడుగన్నది లేదు. హేమ ఆ చార వెంట సముద్రందాకా వెళ్ళి వచ్చింది. ఎవరో తెచ్చి పెట్టి ఉంటారని తనకి తాను చెప్పుకుని, ఇంటింటికీ వెళ్ళి అడిగింది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారే తప్ప ఒక్కరూ నవ్వలేదు.

ఎవరు మాత్రం తెస్తారు? సముద్రం తిప్పి పంపినదాన్ని ఆ వీధిలో ఎవరూ ముట్టుకోరు. విరిగిన తెడ్డు కొట్టుకొచ్చినా, ఊరూ పేరూ తెలియని చెప్పు కొట్టుకొచ్చినా పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోతారు. మళ్ళీ కెరటమే వచ్చి దాన్ని తీసుకుపోవాలి. పాలు తాగే పిల్లకి కూడా తెలిసిన సంగతి అది. లక్ష్మణమ్మ మాత్రం మూడుసార్లూ ఆ బంతిని తన చేతుల్తోనే ఎత్తి ఇంట్లోకి తెచ్చింది. కూతురి వస్తువు కదా, ఒడ్డున దిక్కులేకుండా వదలబుద్ధి కాలేదు.

జూన్ ఎండ రేకుల కప్పు మీద పెటపెటలాడుతోంది. పొద్దున్నించీ ఇంట్లో ఉన్న బంతి ఆరలేదు. గంప అడుగునించి నీళ్ళు కారి, నేల పల్లం లేకపోయినా లోపలికే పాకుతున్నాయి. హేమ చూస్తూండగానే ఆ తడి ఆమె బూటు ముందుకొచ్చి ఆగింది. ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

"ఎవుల వస్తువు ఆల సేత్తో ఇవ్వాల. నువ్విత్తే తల్లి పుచ్చుకుంటాదేటే," అంది మంచం మీదనుంచి మామ్మ, కోడలితో. కూర్మమ్మకి ఎనభై దాటాయి. కళ్ళు కనబడవు గానీ ఇంట్లో తీర్పులన్నీ ఆవిడవే. లక్ష్మణమ్మ అత్తగారి మాట వినడం పెళ్ళైన పాతికేళ్ళలో ఇదే మొదలు.

హేమకి ఒళ్ళు మండిపోయింది. తన ఆట అంటే తల్లికి గిట్టదని, అందుకే బంతి మీద పగ పట్టిందని ఈ నాలుగు రోజులూ అనుకుంటూ వచ్చింది. గిట్టకపోవడానికి కారణాలూ ఉన్నాయి మరి. పదహారేళ్ళు వచ్చేదాకా హేమ పొడుగే ఆమెకి ఆట నేర్పింది. రింగు కింద నిలబడి చెయ్యి చాస్తే బంతి వచ్చి చేతిలో పడేది, పేపర్లో ఫొటో వచ్చేది. ఇప్పుడు పంతొమ్మిది. పొట్టి పిల్లలు కూడా ఎడమచేత్తో వేస్తున్నారు, దూరంనించి వేస్తున్నారు. హేమ ఇంకా రింగు కిందే ఉంది. అది చాలదన్నట్టు మొన్న యూనివర్సిటీల పోటీలో ఫ్రీ త్రోలు వరసగా పదకొండు పోగొట్టింది. ఎదురుగా ఎవరూ అడ్డం లేకుండా, నిలబడి వేసుకోవలసిన బంతులు. పదకొండోదానికి చూసేవాళ్ళు నవ్వడం కూడా మానేసి జాలిపడ్డారు.

ఆలస్యం అయింది గానీ అయిపోలేదంటాడు గిరిబాబు. రెండేళ్ళు కొత్తగా నేర్చుకున్నట్టు నేర్చుకుంటే నిలబడతావంటాడు. అయితే ఆ రెండేళ్ళు ఎవరిస్తారు?

హేమ ఆయనకి చెప్పని సంగతి ఒకటుంది. జనవరి నించీ ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడ్డప్పుడల్లా ఆమె చేతిలో బంతి తడిగా తగులుతుంది. ఎండలో ఆడినా తడే. తుడుచుకుని చెయ్యి వాసన చూస్తే ఉప్పు వాసన. ఇలాంటివి చెప్పుకుంటే పిచ్చిదంటారని నోరు కుట్టేసుకుంది.

"నా ఆట నీకేం చేసిందమ్మా?" అంది.

లక్ష్మణమ్మ గంపలోకే చూస్తూ, తలెత్తకుండానే చెప్పింది.

"మీ నాన్న అగుపించకుండా పోయిన రెండోనాడు. మంచు కమ్మేసినాది. ఎతకడానికెళ్ళిన బోట్లన్నీ ఒట్టి సేతుల్తో వచ్చేసినాయి. ఆడోళ్ళం అందరం ఒడ్డున కూకున్నాం. ఒకత్తి కోడి మొక్కినాది, ఒకత్తి కోక మొక్కినాది. కోడికీ కోకకీ ఆయన వస్తాడని నాకు నమ్మకం కుదరలేదు. నా ఇంట్లో అన్నింటికన్నా పెద్దదేటున్నాదా అని సూసుకున్నాను. నీ ఆట అగుపించినాది."

హేమ సంచీ భుజాన్నించి దింపింది.

"మడిసినిచ్చెయ్యి తల్లీ, నా కూతురి ఆట తీసుకో అన్నాను. మర్నాడు తెల్లారకుండా వచ్చేసినాడు."

పెరట్లో వల బాగుచేసుకుంటున్న తండ్రి చేతి చప్పుడు ఆగిపోయినట్టు హేమకి తోచింది.

"నాదాన్ని నువ్వెలా మొక్కావు? నన్నడగొద్దా?"

"ఆయన్ని నన్నడిగి తీసుకెళ్ళినాదేటి?" అంది లక్ష్మణమ్మ.

హేమకి తల్లి మీద కోపం వచ్చింది, జాలీ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చెయ్యాలో ఎవరూ నేర్పరు. మొక్కు తీర్చకుండా తెప్ప నీళ్ళలో దిగకూడదని లక్ష్మణమ్మ వివరంగా చెప్పుకుపోయింది. ఇవాళ్టితో వేట నిషేధం అయిపోతుంది. ఇంజను పాడై కొన్నాళ్ళు, నిషేధంతో కొన్నాళ్ళు, భర్త ఎల్లాజీ అయిదు నెలలుగా ఒడ్డునే ఉన్నాడు గనక బతికిపోయాడు. రేపు చీకటితోనే ఎల్లాజీ సముద్రం మీదకి వెళ్తాడు. బాకీ పెట్టుకుని వెళ్ళిన మనిషిని గంగమ్మ రెండోసారి వదలదు. ఇచ్చెయ్యి, మళ్ళీ ముట్టుకోకు, ఊళ్ళోనే ఉండు, నాతోపాటు రేవుకి రా. ఇంతే ఆమె అడిగింది.

సిగ్గుపడవలసిన సంగతే గానీ, ఆ మాటలు వింటూంటే హేమకి ఎక్కడో తేలిగ్గా అనిపించింది. అయితే పోగొట్టింది తను కాదు. ఆ పదకొండు బంతులూ తన చేతి తప్పు కాదు. తన ఆటని ఎవరో తీసుకున్నారు, అంతే. తీసుకున్నది తిరిగి ఇవ్వనూ వచ్చు.

సంచీలోంచి నోటుపుస్తకం తీసింది. హాస్టల్లో చేరిననాటినించీ రోజూ ఎన్ని వేసిందో, ఎన్ని పడ్డాయో అందులో రాసుకుంటుంది. నాన్న తప్పిపోయింది జనవరి పంతొమ్మిదిన. ఆ పేజీ వెతికి, వేలు పెట్టి వెనక్కి చూసుకుంటూ వెళ్ళింది. జనవరికి ముందు పేజీల్లోనూ తప్పులే ఉన్నాయి. డిసెంబరంతా తప్పులే. నవంబరు పన్నెండు దగ్గర వేలు ఆగింది. ముందురోజు వందకి డెబ్బై ఎనిమిది. ఆ రోజు వందకి ముప్ఫై ఒకటి. మొక్కుకి రెండు నెలల ముందే పోయింది ఆట.

హేమ నేల మీద కూలబడింది. మొక్కు వల్ల పోయి ఉంటే బాగుండేదనిపించింది.

"నీ మొక్కు కాదమ్మా," అంది. "అంతకు ముందే పోయింది. నేనే పోగొట్టుకున్నాను."

లక్ష్మణమ్మకి అంకెలు రావు. కూతురు పుస్తకం ముందు పెట్టినా ఆమె చూడలేదు. తండ్రి ప్రాణం కంటే ఆటే ఎక్కువై ఈ పిల్ల అబద్ధాలాడుతోందనుకుంది. అనుకున్నది అనేసింది కూడా. ఆ మాటకి హేమ ఏడ్చింది. ఇంట్లో అందరికంటే పొడుగు మనిషి అలా నేలమీద కూర్చుని ఏడుస్తూంటే చూడటం ఎవరికైనా కష్టమే.

అప్పుడు పెరటి తలుపు దగ్గర ఎల్లాజీ కనిపించాడు. వల అల్లే పుల్ల ఇంకా చేతిలోనే ఉంది. తిరిగొచ్చిన ఈ అయిదు నెలల్లో ఆయన మాట్లాడినవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అన్నం పెడితే తింటాడు. సముద్రం వైపు వీపు పెట్టి కూర్చుంటాడు.

"దాన్ని ఏడిపించకే," అన్నాడు. "అది పిలవబట్టి గదా నాను వచ్చినాను."

"ఒరే, ఊరుకో," అంది కూర్మమ్మ మంచం మీద లేచి కూర్చుంటూ.

సముద్రం మీద విన్నది ఒడ్డున చెప్పకూడదు. మళ్ళీ వేటకి వెళ్ళి క్షేమంగా వచ్చేదాకా కడుపులోనే ఉంచుకోవాలి. చెప్పినవాణ్ణి ఆ విన్నదే మళ్ళీ పిలుస్తుందంటారు. ఎల్లాజీ తాతలు పాటించారు, తండ్రి పాటించాడు, ఆయనా అయిదు నెలలు పాటించాడు. తల్లి రెండోసారి ఊరుకోమన్నా, మూడోసారి చేతులు జోడించినా ఆయన వినిపించుకోలేదు. కూతురి ఏడుపు ముందు ఆ కట్టడి నిలవలేదు.

ఇంజను చచ్చిపోయిందట. మంచులో తూర్పేదో పడమరేదో తెలియలేదట. రెండోరోజు పొద్దువాలాక దూరాన బంతి చప్పుడు వినిపించిందట. తుఫాను షెల్టర్ కింద సిమెంటు నేల మీద హేమ చిన్నప్పుడు కొట్టే చప్పుడే అది. ఆ షెల్టర్ స్తంభానికి ఇనపరింగు కట్టించింది ఆయనే, ఆ చప్పుడు ఆయనకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? చప్పుడు వచ్చిన వైపే రాత్రంతా తెడ్డు వేశాడు. తెప్పలో తోడున్న ధనరాజు తనకేమీ వినబడలేదన్నాడు. ఒడ్డు చేరిన వారానికే గుజరాత్‌లో వీరావల్ రేవుకి పనికి పోయాడు, మళ్ళీ ఫోను ఎత్తలేదు.

"నా బిడ్డ సదువు ఒగ్గేసి వచ్చి, ఒడ్డున నాకోసం కొడతన్నాదనుకున్నాను," అన్నాడు ఎల్లాజీ.

లక్ష్మణమ్మ హేమ వైపు చూసింది. హేమ తల్లి వైపు చూసింది. జనవరిలో ఆ మూడు రోజులూ హేమ విజయనగరంలో పరీక్షలు రాస్తోంది. పిల్ల బెంగపడుతుందని కబురు కూడా చెయ్యలేదు. తండ్రి ఇంటికొచ్చిన తర్వాతి రోజు గానీ ఆమె ఊళ్ళో అడుగు పెట్టలేదు. బంతి హాస్టల్లో ఆమె మంచం కిందే ఉంది.

ఒడ్డు చేరాక రెండు రోజులు ఒళ్ళు తెలియకుండా పడి ఉన్న ఎల్లాజీకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఇప్పుడు కూడా ఇద్దరికీ నోరు రాలేదు.

"ఎలా కొట్టింది నాన్నా?" అని అడిగింది హేమ.

ఆయన వంగి గంప అంచు మీద వేలి కణుపుతో కొట్టాడు. మూడు దెబ్బలు. ఆగాడు. గట్టిగా ఒక్కసారి ఊపిరి తీసుకునేంతసేపు ఆగి, మళ్ళీ మూడు దెబ్బలు.

గీత దగ్గర నిలబడి మూడుసార్లు బంతి నేలకి కొట్టి, ఆగి, ఊపిరి తీసుకుని వెయ్యడం హేమకి చిన్నప్పటి అలవాటు. మూడు కొట్టేలోగా నీకు నూరు ఆలోచనలు వస్తున్నాయి, అది మానెయ్యి, చేతికి రాగానే వేసెయ్యి అన్నాడు గిరిబాబు. ఎప్పుడన్నాడు? పుస్తకం మళ్ళీ తెరిచింది. నవంబరు పన్నెండు అంకె పక్కన సన్నటి అక్షరాల్లో తనే రాసుకుంది: సార్ మూడు దెబ్బలూ మానెయ్యమన్నారు.

ఇన్నాళ్ళూ కళ్ళెదుట ఉన్నదాన్ని చూడలేదు. ఆట ఎక్కడికీ పోలేదు. తలుపు మూసేసి ఇల్లు పోయిందని ఏడ్చినట్టయింది.

"చూశావా," అంది తల్లితో, కళ్ళు తుడుచుకుంటూ. "గంగమ్మ తీసుకోలేదు. మూడుసార్లు ఇచ్చినా తిప్పి ఇచ్చేసింది. నా ఆట నాకే ఉంచింది."

లక్ష్మణమ్మ మొహం తెల్లబడిపోయింది. "తీసుకోకపోతే ఆ సప్పుడెక్కడిదే?" అంది నెమ్మదిగా. "నాను మొక్కిన సాయంత్రమే ఆయనకి ఇనిపించినాది. నీ ఆట పుచ్చుకునే ఆయన్ని పిలిచినాది. అది ఇప్పుడు గంగమ్మది. నీదేటి కాదు."

ఇద్దరూ ఒకే సంగతి చూస్తున్నారు. ఒకరికి వరంలా కనిపించింది, ఇంకొకరికి బాకీలా కనిపించింది. ఎవరిది నిజమో చెప్పగలిగిన కూర్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొడుకు వైపే తల తిప్పి కూర్చుంది. వాడు చెప్పకూడనిది చెప్పేశాడు. ఆవిడ బెంగంతా అదే.

హేమ ఇక మాట పెంచలేదు. గంపలో చెయ్యి పెట్టి బంతి తీసింది. చల్లగా ఉంది, తడిగా ఉంది. జనవరినించీ తన చేతికి తగులుతున్న తడి ఇదే. ఆమెకి భయం వేసింది. అయినా వదల్లేదు.

"ఒక్కటి," అంది. "షెల్టర్ దగ్గర ఒక్కటే వేస్తాను. పడకపోతే నా చేత్తోనే సముద్రంలో వేసి రేపట్నించీ నీతో రేవుకి వస్తాను. పడితే నన్నెళ్ళనియ్యి."

లక్ష్మణమ్మ జీవితమంతా రేవులో బేరాలాడిన మనిషి. ఎదుటిమనిషి ఆఖరి మాట ఏదో ఆమెకి తెలుస్తుంది. భర్త వైపు చూసి, లేచి దారి ఇచ్చింది.

నలుగురూ బయల్దేరారు. కూర్మమ్మ కోడలి భుజం పట్టుకుని నడిచింది. రెండున్నర ఎండలో వీధి వీధంతా తలుపులు వేసుకుంది. బోర్లించిన తెప్పల కింద రోజూ పడుకునే కుక్కలు ఇవాళ లేవు. గాలి లేదు. కెరటం వస్తున్నట్టు కనిపిస్తోంది గానీ విరిగిన చప్పుడు వినిపించడం లేదు. హేమ అది గమనించి, గమనించనట్టే నడిచింది.

షెల్టర్ స్తంభాల మధ్య సిమెంటు నేల మీద చిన్నప్పుడు తండ్రి గీసిన సున్నపు గీత సగం చెరిగిపోయి ఉంది. పైన ఇనపరింగు తుప్పుపట్టింది. ఆమె గీత దగ్గర నిలబడింది. తల్లి స్తంభాన్ని ఆనుకుంది. తండ్రి వెనక ఎక్కడో, ఇసక అంచున ఆగాడు.

ఒకటి. రెండు. మూడు. తడిబంతి నేలకి తగిలిన చోటల్లా నీటి మచ్చ పడింది. ఆమె ఆగింది. ఊపిరి తీసుకుంది. చేతులు తేలికయ్యాయి, నవంబరుకి ముందు ఉన్నట్టే ఉన్నాయి. విసరకముందే అది పడుతుందని ఆమెకి తెలిసిపోయింది. ఆ తెలియడం ఎంత బాగుంటుందో ఇన్నాళ్ళూ మరిచిపోయింది.

వేసింది.

బంతి ఇంకా గాలిలో ఉండగానే వెనక సముద్రం మీదనుంచి చప్పుడు వినిపించింది. మూడు దెబ్బలు. కాస్త ఆగి, మళ్ళీ మూడు.

బంతి రింగులోంచి జారి సిమెంటు మీద పడి, దొర్లుకుంటూ వెళ్ళింది. పడిందని లక్ష్మణమ్మ చూడనే లేదు. ఆమె కళ్ళు ఒడ్డు వైపు ఉన్నాయి. అక్కడ ఎల్లాజీ అయిదు నెలల తర్వాత మొదటిసారి సముద్రానికేసి తిరిగాడు. అడుగు తీసి అడుగు వేస్తూ నీళ్ళలో దిగుతున్నాడు.

హేమ పరుగెత్తింది. రోడ్డు మీద టెక్కలి ఆటో హారన్ కొట్టింది. ఆమె తూలుతూ నీళ్ళలో పడి, మొలలోతులో తండ్రిని అందుకుని వెనకనుంచి రెండు చేతులా చుట్టేసింది. "నాన్నా, నేనిక్కడున్నాను," అంది. ఆయన తల తిప్పలేదు. మొహంలో భయం లేదు, ఎంతో నెమ్మదిగా ఉంది.

"వస్తన్నానమ్మా హేమా," అన్నాడు ఎల్లాజీ, సముద్రంతో.